ఎస్‌ఎస్‌డీ పోయిందన్నారు, తీరా చూస్తే కేబుల్: శ్రీకాకుళంలో ఒక రిపేరు షాపు

ముందే చెప్తున్నా, ఈ షాపు పేరు రాయడం లేదు. రాస్తానంటే ఓనరే వద్దన్నారు, "ఉన్న పనే తెమలటం లేదు బాబూ, ఫోన్లు ఎత్తలేక చస్తున్నాం" అని. దారి చెప్పడానికి మాత్రం ఒప్పుకున్నారు. ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర్లోనే, మందుల షాపు పక్కనుంచి మేడ మీదకి ఇరుకు మెట్లు ఉంటాయి, సీపీయూ పట్టుకుని ఎక్కాలంటే పక్కకి తిరిగి ఎక్కాలి.

మాది పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న సెంటర్. సరిగ్గా రథసప్తమి ముందు, అరసవల్లి వచ్చే వాళ్లందరికీ స్వాగతం చెప్పే ఫ్లెక్సీలు ఒక్కసారిగా మీద పడే టైమ్‌లో, మెయిన్ సిస్టమ్ మొరాయించడం మొదలెట్టింది. పొద్దున్న స్విచ్ వేస్తే నల్లటి స్క్రీన్ మీద 'రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్' అని వచ్చి అక్కడే ఆగిపోతుంది. ఆపి మళ్లీ వేస్తే ఏమీ ఎరగనట్టు విండోస్ వచ్చేస్తుంది. కొన్నాళ్లు బాగానే ఉంటుంది, ఇక తగ్గిపోయిందిలే అనుకునేసరికి మళ్లీ అదే. పూర్తిగా పాడైతే కొత్తది కొని పడేస్తాం, అసలు టెన్షన్ ఇలాంటివాటితోనే, ఎందుకంటే షాపుకి తీసుకెళ్లిన రోజు అది బుద్ధిగా పనిచేస్తుంది. టౌన్లోనే ఇంకోచోట చూపిస్తే మూత కూడా విప్పకుండా ఎస్‌ఎస్‌డీ (విండోసూ ఫైళ్లూ ఉండే డ్రైవ్) పోయింది, కొత్తది వేసి విండోస్ ఎక్కించి ఇస్తాం, నాలుగున్నర వేలు అన్నారు. వాళ్ల గురించి ఇంతకంటే రాయడం అనవసరం.

ఈ మేడ మీది షాపు ఓనర్ మాత్రం స్క్రూడ్రైవర్ తీసే ముందు ప్రశ్నలే వేశారు. పొద్దున్న మొదటిసారి వేసినప్పుడే వస్తుందా, మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చాక కూడానా? రీస్టార్ట్ కొడితే ఎప్పుడైనా వచ్చిందా? మెసేజ్ వచ్చినప్పుడు బయోస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగుల స్క్రీన్) వెళ్లి చూస్తే అక్కడ డ్రైవ్ పేరు కనిపిస్తుందా లేదా? ఈ ఆఖరిది ముఖ్యం అన్నారు. బయోస్‌లోనే డ్రైవ్ కనపడకపోతే గొడవ విండోస్‌కి ముందే ఉన్నట్టు, అప్పుడు విండోస్ ఎన్నిసార్లు కొత్తగా ఎక్కించినా డబ్బులు దండగ. ఈసారి వస్తే ఫోన్‌తో ఫొటో తీసి పంపమన్నారు. పంపాను, డ్రైవ్ పేరు ఉండాల్సిన చోట ఖాళీ.

ఆ తర్వాత సిస్టమ్ తీసుకురమ్మన్నారు. మొదట తారీఖు చూశారు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లంత బ్యాటరీ ఉంటుంది కదా, సీఆర్2032, మూడు వోల్టులది, అది అయిపోతే రాత్రి మెయిన్ స్విచ్ ఆపేసినప్పుడల్లా తారీఖు తప్పిపోయి, బయోస్ సెట్టింగులు చెరిగిపోయి, పొద్దున్నకి బూట్ ఆర్డరే (ఏ డ్రైవ్ నుంచి మొదలవ్వాలన్న వరస) మారిపోవచ్చు. మాది తారీఖు సరిగ్గానే ఉంది కాబట్టి దాన్ని వదిలేశారు. తర్వాత ఇంకేమీ ముట్టుకోకుండా నా డిజైన్ ఫైళ్లన్నీ వేరే హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయించారు. "ముందు సరుకు బయటపెట్టాలి, జబ్బు సంగతేటో తర్వాత చూద్దాం" అన్నారు. నాకు షాపు మీద నమ్మకం కుదిరింది ఇక్కడే.

తర్వాత క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో తెరిచారు, డ్రైవ్ ఆరోగ్యం చూపించే ఫ్రీ సాఫ్ట్‌వేరే, ఇంట్లో మీరూ చూసుకోవచ్చు. పైన హెల్త్ 'గుడ్' అని నీలంగా కనిపిస్తే చాలామంది అక్కడితో ఆగిపోతారు. ఆయన కిందికి జరిపి, అంకెలు హెక్సాడెసిమల్‌లో (అక్షరాలు కలిసిన కంప్యూటర్ లెక్క) ఉంటే మామూలు డెసిమల్‌లోకి మార్చి, రెండు మూడు వరసలు మాత్రం చూశారు. 05 అంటే పాడైపోయి, వేరే చోటికి మార్చిన భాగాల లెక్క, మాకది సున్నా. సీ7 అనే వరసలో మాత్రం పెద్ద అంకె ఉంది. దాన్ని సీఆర్‌సీ ఎర్రర్ కౌంట్ అంటారు, డ్రైవ్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య వెళ్లే డేటా దారిలో ఎన్నిసార్లు చెడిపోయిందో అది చెప్తుంది. అంటే అనుమానం డ్రైవ్ లోపల కంటే ముందు కేబుల్ మీదకి, కనెక్టర్ మీదకి వెళ్లాలి. ఇంకో సంగతి, ఆ అంకె ఎప్పటికీ తగ్గదు, కేబుల్ మార్చినా సున్నాకి రాదు. అందుకే ఆయన దాన్ని ఒక చీటీ మీద రాసి కేబినెట్‌కి లోపలివైపు అంటించారు. కొత్త కేబుల్ వేశాక అది పెరుగుతుందా, అక్కడే ఆగిందా అన్నదే పరీక్ష.

మూత తీస్తే కారణం కంటికే కనిపించింది. డేటా కేబుల్‌కి లాక్ క్లిప్పే లేదు, దానికితోడు మూత ఒత్తిడికి కనెక్టర్ దగ్గరే మడతపడి ఉంది. పవర్ కూడా ఎస్‌ఎంపీఎస్ (కేబినెట్‌లోని కరెంటు సప్లై డబ్బా) నుంచి నేరుగా కాకుండా పాత నాలుగు పిన్నుల వైరుకి తగిలించిన కన్వర్టర్ నుంచి వస్తోంది, అది వేలితో కదిపితే కదులుతోంది. లాక్ ఉన్న కేబుల్ వేసి, మదర్‌బోర్డు మీద వేరే పోర్టుకి మార్చి, పవర్ నేరుగా ఇచ్చారు. నేను ఊరికే ఊడదీసి పెడుతుంటే చేయి పట్టుకుని ఆపారు, డ్రైవ్ కేబుల్ తగిలించే లోపలి సాటా కనెక్టర్లు యాభైసార్లు పెట్టి తీయడానికే లెక్కకట్టి చేస్తారట. ఎరేజర్‌తో పిన్నులు రుద్దే అలవాటు కూడా ఈయనకి లేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి ఆరనిచ్చారు. కళింగపట్నం, బారువ వైపు నుంచి వచ్చే సిస్టమ్‌లలో ఉప్పుగాలికి తుప్పు ఎక్కువ అని చెప్పి ఒక పాత బోర్డు తెచ్చి చూపించారు, స్క్రూలన్నీ ఎర్రగా ఉన్నాయి.

డ్రైవ్ ఎన్ని గంటలు నడిచిందో కూడా ఎందుకు చూస్తున్నారని అడిగితే క్రూషియల్ ఎం4 అనే పాత ఎస్‌ఎస్‌డీ కథ చెప్పారు. ఆ మోడల్ 5,184 గంటలు దాటాక స్పందించడం మానేసేది, రీస్టార్ట్ చేస్తే కాసేపు పనిచేసి మళ్లీ ఆగేది. తప్పు ఫర్మ్‌వేర్‌ది (డ్రైవ్ లోపలే ఉండే సాఫ్ట్‌వేర్), 2012 జనవరిలో కంపెనీ అప్‌డేట్ ఇచ్చి సరిచేసింది. కేబుల్ మార్చినా తగ్గకపోతే మీదీ ఫర్మ్‌వేర్ చూద్దాం అన్నారు, ఆ అవసరం రాలేదు. చీటీ మీది అంకె అక్కడే ఉంది, రథసప్తమి పని మొత్తం ఒక్క ఆటంకం లేకుండా అయిపోయింది.

ల్యాప్‌టాప్ వాళ్లకి ఒక మాట. మీ డ్రైవ్ ఎన్‌వీఎంఈ (నేరుగా మదర్‌బోర్డు స్లాట్‌లో కూర్చునే రకం) అయితే ఈ కేబుల్ గోల ఉండదు, సీ7 వరసా ఉండదు. అక్కడ 'మీడియా అండ్ డేటా ఇంటెగ్రిటీ ఎర్రర్స్' చూసుకోవాలి, డ్రైవ్ స్లాట్‌లో పూర్తిగా కూర్చుందా, చివర స్క్రూ బిగిసి ఉందా అన్నదీ చూడాలి.

తీసుకున్నది కేబుల్‌తో కలిపి ఐదు వందలు. లోపాలూ ఉన్నాయి. రసీదు ఇవ్వరు, అడిగితే విజిటింగ్ కార్డు వెనక రాసిస్తారు, జీఎస్టీ బిల్లు కావాల్సిన ఆఫీసులవాళ్లకి ఇది కుదరదు. సాయంత్రానికి రెడీ అంటే మర్నాడు మధ్యాహ్నం అని అర్థం చేసుకోండి. కూర్చోడానికి ఒకటే కుర్చీ, దాని మీద కూడా ఎప్పుడూ ప్రింటరే ఉంటుంది. ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒకటీ తగ్గించింది రసీదు కోసమే. బండి కింద పెట్టనివ్వరు, మందుల షాపాయన అరుస్తాడు, కాబట్టి దూరంగా పెట్టుకుని నడిచి రండి. ఆదివారం సెలవు. సీపీయూ ఒక్కటే తెస్తే చాలు, మానిటరూ కీబోర్డూ అక్కడ ఉన్నాయి.