ఎం35ఏ2 మిలిటరీ ట్రక్కుకు పార్టులు, సలహాలు: కొన్నేళ్లు వాడాక నా అనుభవం

అమెరికా సైన్యం వేలంలో అమ్మేసిన ఎం35ఏ2, అక్కడివాళ్లు "డ్యూస్ అండ్ ఎ హాఫ్" అని పిలుచుకునే రెండున్నర టన్నుల ట్రక్కు, టెక్సస్‌లో మా షెడ్డులో కొన్నేళ్లుగా ఉంది. చూసిన ప్రతివాళ్లూ ముందు అడిగేది "పార్టులు దొరుకుతాయా?" అనే. దొరుకుతాయి, ఏ నంబరు చెప్పి అడగాలో తెలిస్తే.

ఈ పనిలో నాకు అన్నిటికన్నా అక్కరకొచ్చింది సైన్యం వేసిన పార్టుల పుస్తకం, టీఎం 9-2320-361-20పి. ప్రభుత్వ ప్రచురణ కాబట్టి ఉచితంగానే దొరుకుతుంది. విడదీసి గీసిన బొమ్మల్లోని ముక్కలకు 13 అంకెల ఎన్ఎస్ఎన్ (నేషనల్ స్టాక్ నంబర్, అంటే సైన్యం సరుకును గుర్తించే నంబరు), దాంతోపాటు తయారీదారు సొంత నంబరు ఇస్తారు. ఎన్ఎస్ఎన్‌లో మొదటి నాలుగంకెలు సరుకు తరగతి. 2530 అంటే బ్రేకులు, స్టీరింగు, యాక్సిల్ సామాను. అసలు కిటుకంతా ఆ తయారీదారు నంబరులోనే ఉంది. వీల్ బేరింగుకు టిమ్‌కెన్ నంబరు రాసుకెళ్తే మామూలు లారీ సామాన్ల కొట్టులోనే కొత్తది తీసిస్తారు. "మిలిటరీ" అన్న పేరుకు అదనంగా డబ్బు పొయ్యక్కర్లేదు.

రబ్బరు సామాను సంగతి వేరు. పాత స్టాకు, విప్పని ప్యాకెట్ అనగానే మనసు లాగుతుంది. సైన్యం వదిలేసిన మిగులు సామాను అమ్మే ఒక సర్‌ప్లస్ వ్యాపారి నాకు అలాంటి వీల్ సిలిండర్ కిట్లే, అంటే చక్రం దగ్గరి బ్రేకు సిలిండర్‌లో వేసే రబ్బరు ముక్కల సెట్లే, పంపాడు. గోధుమరంగు కాగితం మీద ఎన్ఎస్ఎన్, కాంట్రాక్టు నంబరు చెక్కుచెదరకుండా ఉన్నాయి. కింద రబ్బరు తయారైన తేదీ: 2క్యూ74, అంటే 1974 రెండో త్రైమాసికం. కిట్టులోని రబ్బరు కప్పును వేళ్ల మధ్య నొక్కితే లొంగలేదు, గోరుతో గీకితే పొడి రాలింది. వెనక్కి తీసుకోనన్నాడు. ఇప్పుడు ప్యాకెట్ మీది తేదీకి ఫోటో పంపితేనే డబ్బిస్తున్నాను. ఎందుకింత పట్టుదలంటే, ఈ ట్రక్కు బ్రేకులకు ఒకటే హైడ్రాలిక్ సర్క్యూట్. ఆరు వీల్ సిలిండర్లలో ఒక్కటి కారిపోయినా పెడలు నేలకంటుతుంది. ఖాళీగా ఉన్నప్పుడే దాదాపు ఆరు టన్నుల బండి ఇది! బ్రేక్ ఆయిల్ విషయంలోనూ జాగ్రత్త. 1980లలో సైన్యం సిలికాన్ రకానికి, అంటే డాట్ 5కు మారింది. మీ బండిలో ఏముందో తేల్చుకోకుండా మామూలు రకం డాట్ 3 కలపొద్దు.

సలహాలకైతే మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ సభ్యత్వం పెట్టిన డబ్బుకు న్యాయం చేసింది. 1976 నుంచీ నడుస్తున్న సంఘం అది. స్వాప్ మీట్లలో, అంటే పాత పార్టులు అమ్ముకునే, మార్చుకునే సంతల్లో, ఒకప్పుడు సైన్యం మోటార్ పూల్‌లో (బండ్ల షెడ్డులో) పనిచేసినవాళ్లు కలుస్తారు. విప్పిన ముక్క చేతిలో పెట్టి అడిగితే ఎంత ఓపిగ్గా చెబుతారో! డాష్ మీది ప్లేటును నమ్మొద్దని నాకు చెప్పింది అలాంటి పెద్దాయనే. సైన్యం డిపోల్లో రీబిల్డ్ చేసినప్పుడు ఇంజిన్లు, యాక్సిళ్లు మారిపోయేవట. మీ ఇంజిన్ మోడల్ ఎల్‌డీటీ-465-1సీయా, 1డీయా అన్నది ఇంజిన్ మీది ప్లేటు చదివే తేల్చుకోవాలి, పార్టులు ఆ తర్వాతే ఆర్డరు పెట్టాలి. లాక్ రింగు చక్రాలకు (టైరును విడి ఇనప రింగుతో బిగించేవి, గాలి కొట్టేటప్పుడు ఆ రింగు ఎగిరిపడొచ్చు) మాత్రం ఎవరెన్ని చిట్కాలు చెప్పినా, ఇనప బోను ఉన్న టైర్ల షాపుకే వెళ్లండి.

నాకింకా దిగులు పెట్టే పార్టు ఇంజెక్షన్ పంపు హైడ్రాలిక్ హెడ్డు, అంటే డీజిల్‌ను ఒత్తిడితో ఇంజిన్ సిలిండర్లకు పంచే భాగం. అది లారీ కొట్లలో దొరకదు, రిపేరు తెలిసిన షాపులు తక్కువ, లోపలి అరుగుదల పైకి కనబడదు. ట్రక్కు బాగా నడుస్తున్నప్పుడే, టెస్ట్ బెంచి మీద పరీక్షించిన హెడ్డొకటి కొని నూనె పూసి దాచుకోండి.