తమ్ముడి పరీక్షకు ఐదు స్టార్లు, మా పాప ప్యాకేజీకి ఒక్కటే

మహారాణిపేటలో ఒక ల్యాబ్. పేరు రాయడం లేదు. ఒకే రోజు అక్కడ రెండు జన్యు పరీక్షలు చేయించాం.

మొదటిది మా తమ్ముడికి. వాడికి క్రోన్స్, అంటే పేగుల్లో వాపు వచ్చి ఏళ్ల తరబడి ఉండే జబ్బు. అది తేలడానికే ఏడాది పట్టింది. ముందు పేగు టీబీ అనుకుని ఆరు నెలలు మందులు వాడించారు. కొలనోస్కోపీలో రెండూ ఒకేలా కనిపిస్తాయట. రోగనిరోధక శక్తిని అణిచే అజాథియోప్రిన్ అనే మందు మొదలుపెట్టే ముందు డాక్టర్ గారు ఎన్‌యూడీటీ15, టీపీఎంటీ అనే రెండు జన్యువుల పరీక్షలు రాశారు. ఎన్‌యూడీటీ15లో మార్పు ఉంటే మామూలు డోసుకే తెల్ల రక్తకణాలు బాగా పడిపోవచ్చు. ఆ మార్పు యూరప్ వాళ్లలో అరుదు, ఆసియా వాళ్లలో ఎక్కువ. వాడికి ఆ జన్యువు రెండు కాపీల్లో ఒకదానిలో ఉందని తేలింది. అందుకని డోసు తగ్గించి ఇచ్చారు, వారం వారం రక్తపరీక్ష చేయించమన్నారు. వాడి నరం దొరకడం కష్టం, రక్తం తీసిన అమ్మాయి ఒక్క గుచ్చుతో తీసేసింది. రిపోర్టు చెప్పిన రోజుకే వచ్చింది. ఈ పరీక్ష విలువ మాకు తెలిసింది.

రెండోది కౌంటర్‌లో వాళ్లు చెప్పి మా పాపకి చేయించిన ప్యాకేజీ. "మేనమామకి ఉంది కదమ్మా, పాపకి రిస్క్ చూసుకోండి" అన్నారు. పాపకి పదకొండేళ్లు. ఆ టెన్షన్‌లో సరే అనేశాను. ఉమ్మి తీసుకుని పన్నెండు వేలు కట్టించుకున్నారు. రిపోర్టులో "రిస్క్ తక్కువ" అని పచ్చ రంగులో ఉంది. రాత్రి హాయిగా పడుకున్నాను.

డాక్టర్ గారికి చూపిస్తే చివరి పేజీ తీశారు. ల్యాబ్ వాళ్లు చూసింది ఎన్‌ఓడీ2 అనే జన్యువులో మూడు మార్పులే. 2001లో క్రోన్స్‌తో సంబంధం ఉందని బయటపడ్డ మార్పులవి, యూరప్ మూలాల వాళ్లలో. మనవాళ్లలో ఆ మూడూ దాదాపు కనిపించవు, క్రోన్స్ ఉన్నవాళ్లలో కూడా. అవి లేవని చెప్పినంత మాత్రాన పాపకి రాదని కాదు. పేగు వాపు జబ్బులతో ముడిపడ్డ జన్యు స్థానాలు ఇప్పటికి రెండు వందలకు పైనే దొరికాయి, ఒక్కొక్కటి పెంచే ముప్పు కొంచెమే. అచ్చం ఒకే జన్యువులున్న కవలల్లో కూడా ఒకరికి క్రోన్స్ వస్తే, రెండోవారికి రానివాళ్లే ఎక్కువ.

"విరేచనాల్లో రక్తం, బరువు తగ్గడం, ఎదుగుదల ఆగడం కనిపిస్తే తీసుకురండి. అప్పుడు మలంలో కాల్‌ప్రొటెక్టిన్, అంటే పేగుల్లో వాపును చూపించే ప్రొటీన్, చూద్దాం" అన్నారు. ఈ ముక్క కౌంటర్‌లో ఎవరూ చెప్పలేదు. డబ్బు తీసుకునే ముందు ఏ మార్పులు చూస్తారో, అవి మనవాళ్లకు పనికొస్తాయో లేదో చెప్పాలి కదా. తల్లి భయాన్ని చూసి అమ్మకూడదు.

పన్నెండు వేలు తిరిగి ఇమ్మని రాసిచ్చాను, ఇంకా జవాబు లేదు. తమ్ముడి మూడో వారం రక్తపరీక్ష శుక్రవారం. దానికి మాత్రం మళ్లీ అక్కడికే వెళ్తాం.