గజ్జికి పెర్మెత్రిన్ క్రీమ్: మందుకు ఐదు స్టార్లు, అమ్మేవాళ్లకు రెండు

ముందే చెప్పేస్తున్నా, పెర్మెత్రిన్ 5 శాతం క్రీమ్ గజ్జికి బాగా పనిచేస్తుంది, మా ఇంట్లో అందరికీ తగ్గింది. నా కంప్లయింట్ అంతా దాన్ని కౌంటర్ మీద అమ్మే తీరు గురించే.

పడుకోగానే ఎక్కువయ్యే దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ చిన్న చిన్న పొక్కులు, ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు గోక్కోవడం. ఇంత చెప్పాక గజ్జేమో అన్న అనుమానం రావాలి కదా! మేం మొదట వెళ్లిన మందుల షాపులో చెయ్యి కూడా చూడకుండా "ఎలర్జీ అయ్యుంటుంది" అని స్టీరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్ చేతిలో పెట్టారు. స్టీరాయిడ్ రాస్తే ఎరుపు, దురద కాస్త తగ్గుతాయి, అందుకే పనిచేస్తోందని అనిపిస్తుంది. కానీ చర్మంలో సొరంగం తవ్వుకుని గుడ్లు పెడుతున్న పురుగుకి దాంతో ఏమీ కాదు, పైగా పొక్కుల తీరు మారిపోయి తర్వాత డాక్టర్‌కి కూడా గుర్తుపట్టడం కష్టమవుతుంది.

డాక్టర్ చూసి గజ్జేనని చెప్పి ఈ క్రీమ్ రాశాక వేరే షాపుకి వెళ్లాం. అక్కడి ఫార్మసిస్టు అడిగిన మొదటి మాట "ఇంట్లో ఎంతమంది ఉంటారండీ?" అని. ఆ తర్వాత పసిపిల్లలు, గర్భిణులు ఎవరైనా ఉన్నారా అని. ఈ రెండు ప్రశ్నలు అడగని చోట ఈ మందు కొనకండి. పెద్దవాళ్లకి ఒళ్లంతా రాయాలంటే ఒక్కసారికే ఒక్కొక్కరికి దాదాపు 30 గ్రాములు పడుతుంది, అందులోనూ వారం తర్వాత మళ్లీ రాయాలి, ఎందుకంటే మొదటిసారి తప్పించుకున్న గుడ్లలోంచి ఈలోగా పిల్లలు వస్తాయి. ఒక్క చిన్న ట్యూబు ఇచ్చి పంపితే ఇల్లంతా దాన్ని తలా కాస్త పంచుకుని, చివరికి ఎవరికీ తగ్గదు.

వాడే పద్ధతి దగ్గరే చాలామందికి తేడా కొడుతుంది. దురద ఉన్నచోట మాత్రమే రాస్తే కుదరదు. మెడ దగ్గర్నుంచి అరికాళ్ల దాకా, వేళ్ల మధ్య, బొడ్డులో, చంకల్లో, తొడల సందుల్లో, వీపు మీద (ఎవరో ఒకరి సాయం కావాల్సిందే), గోళ్లు కత్తిరించుకుని వాటి కింద కూడా రాయాలి. పసిపిల్లలకి, బాగా వయసు మళ్లినవాళ్లకి తలకి, ముఖానికి కూడా రాయాల్సి రావచ్చు, అది డాక్టర్‌ని అడిగే చెయ్యాలి. రాత్రి ఒళ్లు పొడిగా, చల్లగా ఉన్నప్పుడు రాసుకుని 8 నుంచి 14 గంటలు ఉంచి స్నానం చేస్తే సరిపోతుంది. మధ్యలో చేతులు కడిగితే ఆ చేతులకి మళ్లీ రాసుకోవాలి. అంట్లు తోమేవాళ్లు, పిల్లల్ని కడిగేవాళ్లు మర్చిపోయేది సరిగ్గా ఇదే.

ఇంకో పేచీ, ఇంట్లో అందరూ ఒకే రోజు రాసుకోవడం. "నాకేం దురద లేదు కదమ్మా, నాకెందుకు ఆ జిడ్డు" అని మా అత్తగారు మొదట ఒప్పుకోలేదు. మొదటిసారి గజ్జి అంటినవాళ్లకి దురద మొదలవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు, ఈలోగా వాళ్ల నుంచి మిగతావాళ్లకి అంటుతూనే ఉంటుంది అని ఫార్మసిస్టు ఫోన్‌లో ఓపిగ్గా చెబితేగానీ దారికి రాలేదు. ఆ అమ్మాయికి నా తరఫున ఇంకో రెండు స్టార్లు.

బట్టల విషయంలో మాత్రం జనం అనవసరంగా టెన్షన్ పడతారు. మనిషి ఒంటి మీద నుంచి బయటపడితే ఆ పురుగు మామూలుగా రెండు మూడు రోజులకి మించి బతకదు. ఈమధ్య వాడిన దుప్పట్లు, దిండు గలీబులు, తువ్వాళ్లు, ఒంటి మీది బట్టలు వేడినీళ్లలో ఉతకండి, ఉతకలేనివి కవర్లో మూటకట్టి వారం పక్కన పెట్టండి. ఇల్లంతా మందు కొట్టనక్కర్లేదు.

మైనస్‌లు: రాసిన కాసేపటికి కొంచెం మంట, చురుకు. పెట్టెలోని కాగితం మీద అక్షరాలు చీమ తలకాయంత. అసలైన చిక్కు ఏంటంటే పురుగులు చచ్చాక కూడా దురద రెండు నుంచి నాలుగు వారాలు ఉండొచ్చు, చచ్చిన పురుగుల మీద, వాటి మలం మీద చర్మం ఇంకా గొడవ పడుతుంటుంది కాబట్టి. ఈ సంగతి ట్యూబు అమ్మేటప్పుడే చెప్పాలి. చెప్పకపోతే మందు పనిచేయలేదనుకుని రోజూ పూసేస్తారు, దాంతో చర్మం మండి దురద ఇంకా ఎక్కువవుతుంది. ఆ నాలుగు వారాలూ దాటాక కూడా కొత్త పొక్కులు వస్తుంటే, లేదా గోకినచోట చీము పడితే అది ఇక షాపువాళ్ల పని కాదు, నేరుగా డాక్టర్ దగ్గరికే వెళ్లండి.