కుడిచెయ్యి, ఎడమకన్ను: చెయ్యి మార్చేవాళ్లకు సామిక్ సేజ్ ఎడమచేతి విల్లు

రాసేది కుడిచేత్తో, బంతి విసిరేది కుడిచేత్తో, గురి చూసేటప్పుడు మాత్రం పెత్తనం ఎడమ కంటిది. విలువిద్యకు వచ్చేవాళ్లలో ఇలాంటివాళ్లు తక్కువేమీ కాదు. వాళ్లకు కుడిచేతి విల్లు ఇచ్చి నెలల తరబడి ఒక కన్ను మూయించే బదులు, మొదటి వారంలోనే ఎడమచేతి విల్లు పట్టించడం మేలు. ఆ పనికి మా ఓటు సామిక్ సేజ్ అనే రికర్వ్ విల్లుకి: 62 అంగుళాల పొడవు, 25 పౌండ్ల లాగుడు బరువు, ఎడమచేతి రకం. లోపాలూ ఉన్నాయి, అవీ చెబుతాం.

ముందు అసలు చిక్కు. కాంపౌండ్ విల్లుకి (కప్పీలు ఉండే రకం) నారిలోనే చిన్న రంధ్రం ఉంటుంది, దాన్ని పీప్ అంటారు. కన్ను అందులోంచి చూడక తప్పదు. చివర్లు ముందుకు వంగి ఉండే రికర్వ్‌కి అది లేదు. విజయవాడ జ్యోతి సురేఖ ఆడేది కాంపౌండ్, అదే ఊరి ధీరజ్ ఆడేది రికర్వ్. కంటి వాటం గొడవ ఎక్కువగా ఈ రెండో రకంలోనే. కుడిచేత్తో లాగినప్పుడు బాణం తోక కుడి కంటి కింద, దవడకి ఆనుకుని ఉంటుంది. రెండు కళ్లూ తెరిచి ఉంటే, ఎడమ కన్ను బలమైనవాళ్ల మెదడు సైట్ పిన్నుని (విల్లుకి బిగించిన గురి గుర్తుని) ఎడమ కంటి లెక్కలో బోర్డు మధ్యలోని పసుపు మీద పెట్టేస్తుంది. రెండు కళ్ల మధ్య దూరం సుమారు 6.3 సెంటీమీటర్లు, కంటికీ పిన్నుకీ మధ్య సుమారు 90 సెంటీమీటర్లు అనుకుని లెక్క కట్టండి. 5 మీటర్ల దగ్గర బాణం 29 సెంటీమీటర్లు ఎడమకి పోతుంది, 10 మీటర్ల దగ్గర 64, 18 మీటర్ల దగ్గర ఏకంగా 1.2 మీటర్లు. బోర్డే తప్పిపోతుందన్నమాట.

చాలామంది దీన్ని సైట్ ఎడమకి జరిపి సర్దేస్తారు. ఎప్పుడూ ఎడమ కన్నే చూస్తున్నంతకాలం అలా నడుస్తుంది. అలసట వచ్చేసరికో వెలుతురు మారేసరికో కుడి కన్ను పని లాక్కుంటుంది. అప్పుడు ఆరు బాణాల్లో నాలుగు ఒకచోట, రెండు ఎక్కడో దూరంగా పడతాయి. పట్టు, రిలీజ్ బాగానే ఉండి గుంపు ఇలా రెండుగా చీలితే ముందు కంటినే అనుమానించాలి.

విల్లు కొనేముందు పరీక్ష చేసుకోండి, నిమిషం పని. రెండు చేతులూ పూర్తిగా చాపి, అరచేతులు ఒకదానిమీద ఒకటి వేసి, బొటనవేళ్ల దగ్గర రూపాయి బిళ్లంత సందు ఉంచండి. రెండు కళ్లూ తెరిచే ఉంచి, నాలుగైదు మీటర్ల దూరంలోని గోడ గడియారాన్ని ఆ సందులోంచి చూడండి. చేతులు కదపకుండా ఒక్కో కన్నూ మూయండి. ఏ కన్ను తెరిచి ఉన్నప్పుడు గడియారం కనబడుతూనే ఉందో అదే మీ గురి కన్ను. ఒక చేత్తో వేలు చూపించి చేసే పరీక్షను నమ్మకండి, ఆ చెయ్యి ఉన్న వైపుకే ఫలితం మొగ్గే అవకాశం ఉంది. కళ్లజోడు పెట్టుకుని ఐదుసార్లు, మరుసటి రోజు మళ్లీ ఐదుసార్లు చేయండి. పదికి తొమ్మిదిసార్లు ఎడమ అని వస్తే చెయ్యి మార్చడమే సరైన దారి. సగం సగం వస్తే కంగారు పడనక్కర్లేదు, అలవాటైన చేత్తోనే మొదలుపెట్టవచ్చు.

ఇక విల్లు సంగతి. గట్టి చెక్కల పొరలు అతికించి చేసిన రైజర్ (మధ్యలో పట్టుకునే భాగం), మేపుల్ చెక్క మీద ఫైబర్‌గ్లాస్ వేసిన రెండు లింబ్స్ (పైనా కిందా వంగే భాగాలు). ఒక్కో లింబ్ ఒక్కో బోల్టుతో బిగుస్తుంది, చేత్తో తిప్పే నాబ్ కాబట్టి రెంచీ అక్కర్లేదు. ప్లంజర్‌కి (బాణం పక్కన ఆనే స్ప్రింగు బటన్), సైట్‌కి, స్టెబిలైజర్‌కి (విల్లు ఊగకుండా ఆపే కడ్డీ) ఇత్తడి బుష్‌లు ముందే కూర్చి ఉంటాయి. చెయ్యి మార్చేవాళ్లకు అసలు లాభం ఇంకోటి ఉంది: కుడి ఎడమల తేడా రైజర్‌కే, లింబ్స్‌కి లేదు. కుడిచేతి సేజ్ ఇప్పటికే ఉన్నవాళ్లు ఎడమచేతి రైజర్ ఒక్కటీ విడిగా ఇమ్మని దుకాణంలో అడిగి చూడండి. పాత లింబ్స్ ఇందులో అలాగే కూర్చుంటాయి.

ఆర్డరు పెట్టేటప్పుడు ఎక్కువమంది పొరబడేది పేరు దగ్గర. ఎడమచేతి విల్లు అంటే ఎడమచేత్తో పట్టుకునేది అనుకుంటారు. దుకాణం భాషలో అది నారి లాగే చెయ్యి. ఎడమచేతి విల్లుని కుడిచేత్తో పట్టుకుని, ఎడమచేత్తో లాగుతారు. పెట్టె విప్పగానే షూట్ చేసే భంగిమలో పట్టుకుని చూడండి. బాణం వెళ్లడానికి రైజర్‌లో కోసిన ఖాళీ మీకు కుడివైపు కనబడాలి. ఎడమవైపు ఉంటే తప్పు విల్లు వచ్చినట్టే. రెస్ట్ (బాణం ఆనే చిన్న ఆధారం) అతికించకముందే, నారి ఎక్కించకముందే తిప్పి పంపేయండి.

లాగుడు బరువు విషయంలో పట్టుదలకు పోవద్దు. కుడిచేత్తో 36 పౌండ్లు లాగేవాళ్లు కూడా ఎడమచేతికి 25తోనే మొదలుపెట్టాలి. లింబ్ మీద రాసే అంకె 28 అంగుళాల లాగుడుకి సంబంధించింది. అంగుళం తగ్గితే దాదాపు 2 పౌండ్లు తగ్గుతుంది, కాబట్టి 26 అంగుళాలు లాగేవాళ్ల వేళ్ల మీద పడేది 21 పౌండ్లే. సేజ్‌లో 25 కంటే తక్కువ లేదు. పిల్లలకు, చేతుల్లో బలం తక్కువ ఉన్నవాళ్లకు అది ఎక్కువే. వాళ్లు 14 నుంచి 18 పౌండ్ల లింబ్స్ దొరికే వేరే విల్లు చూసుకోవాలి.

బిగింపుకి తీరిగ్గా ఓ గంట పెట్టుకోండి. నాబ్‌లు చేతి బిగువు చాలు, పట్టకారు వాడితే చెక్క నలుగుతుంది. నారి ఎక్కించడానికి స్ట్రింగర్ తాడే వాడండి. కాలి మధ్య విల్లు ఇరికించి వంచితే లింబ్ మెలి తిరుగుతుంది. ఎక్కించాక వెనకనుంచి చూస్తే నారి రెండు లింబ్స్ నడిమధ్యగా పోవాలి. పట్టు లోపలి లోతు నుంచి నారి దాకా కొలిస్తే ఏడున్నర నుంచి ఎనిమిదింపావు అంగుళాల మధ్య ఉండాలి, అదే బ్రేస్ హైట్. తక్కువుంటే నారి దించి, ఇప్పటికే మెలిక ఉన్న వైపుకే ఇంకో నాలుగైదు మెలికలు వేయండి. కొత్త నారి సాగుతుంది, కాబట్టి మొదటి యాభై బాణాల తర్వాత మళ్లీ కొలవాలి. నాకింగ్ పాయింట్ (నారి మీద బాణం తగిలించే చోటు) బాణం ఆనే చోటు నుంచి నారికి గీసిన లంబం కంటే అంగుళంలో మూడెనిమిదో వంతు నుంచి అరంగుళం పైన పెట్టి చూడండి. మరీ కిందికుంటే బాణం రైజర్ షెల్ఫ్‌కి (బాణం కింది అంచుకి) తగిలి ఎగురుతుంది. ప్లాస్టిక్ వేన్లు (బాణం తోక దగ్గరి రెక్కలు) వాడితే అతికించే రెస్ట్ తప్పనిసరి, అదీ ఎడమచేతి రకమే. బాణం లేకుండా నారి లాగి వదలడం మాత్రం ఒక్కసారి కూడా చేయకండి.

మిగతా సామాన్లలో మార్చాల్సినవి అనుకున్నంత లేవు. ఫింగర్ ట్యాబ్ ఎడమచేతిది కొత్తగా కొనాలి, పాతది తిప్పి వాడితే వేళ్లు కోసుకుపోతాయి. చెస్ట్ గార్డ్ కూడా మారుతుంది. ఆర్మ్ గార్డ్ కుడి ముంజేతికి కట్టుకుంటే సరి. సైట్ మాత్రం రెండు వైపులా తిప్పి బిగించే రకం ఎంచుకోవాలి. బాణాలు పాతవే పనికొస్తాయి. వేరే రంగు వేన్ ఇప్పుడు కుడివైపుకి, అంటే రైజర్‌కి దూరంగా ఉండేలా నారికి తగిలిస్తే చాలు.

బాణం గట్టిదనం దగ్గర చాలామంది ఇక్కడే తికమకపడతారు. 25 పౌండ్లకి, 30 అంగుళాల కార్బన్ బాణానికి 900 నుంచి 1000 స్పైన్ (బాణం వంగే కొలత, అంకె పెరిగితే బాణం మెత్తన) దగ్గర మొదలుపెట్టండి. సరిచూసే పట్టికలు దాదాపు అన్నీ కుడిచేతివాళ్ల కోసమే రాసి ఉంటాయి. వాళ్లకు వేన్లు లేని బాణం ఎడమకి పడితే గట్టిది, కుడికి పడితే మెత్తనిది. మీకు ఇది తిరగబడుతుంది: కుడికి పడితే గట్టిది, ఎడమకి పడితే మెత్తనిది. ఇంకో చిక్కుంది. కొత్త చెయ్యి నారిని నేరుగా వదలలేక పక్కకి లాగేస్తుంది. అలా లాగినా ఎడమచేతివాళ్ల బాణం కుడికే పోతుంది. రెండు తప్పులకూ బోర్డు మీద గుర్తు ఒకటే. అందుకే మొదటి నెలలో బాణాలు కుడికి పడుతున్నాయని స్పైన్ మార్చకండి. వదిలాక ఎడమ చెయ్యి మెడ వెంటే చెవి వెనక్కి జారుతోందో, ముఖానికి దూరంగా పక్కకి ఎగురుతోందో ముందు వీడియో తీసి చూసుకోండి.

సాధనకి తొందర వద్దు. మొదటి రెండు వారాలు మూడు నుంచి ఐదు మీటర్ల దూరంలో, కాగితం లేని ఖాళీ బోర్డుకి, రోజుకి 30 నుంచి 40 బాణాలు చాలు. పసుపు కనబడితే కన్ను దాని వెంట పడుతుంది, చెయ్యి నేర్చుకోదు. మూడో వారం పెద్ద కాగితం, 8 మీటర్లు. గుంపు అరచేతిలో ఇమిడినప్పుడు 18 మీటర్లు. ఇక్కడ కుడిచేతి వాటంవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే రోగం ఒకటుంది: బలమైన చెయ్యి ఇప్పుడు విల్లు పట్టేది కావడంతో పిడికిలి బిగుసుకుని, విల్లు ప్రతి బాణానికీ ఇటో అటో తిరుగుతుంది. మందు చవకే. బూటు లేసు ఒకటి బొటనవేలికీ చూపుడువేలికీ కట్టి, విల్లు దాని మీదే ఆగేలా చేసి, వేళ్లు వదులుగా వదిలేయండి. రెండో రోగం కుడి భుజం పైకి లేవడం. అలా లేచి, మోచెయ్యి కూడా బయటికి తిరగకపోతే నారి ముంజేతిని గీస్తుంది. మూడోది తల. పాత అలవాటులో మెడ కుడివైపుకి వాలి, యాంకర్, అంటే లాగిన చెయ్యి ముఖానికి ఆనే చోటు, దవడ కిందకి చేరదు. అద్దం ముందు ఖాళీ చేతులతో రోజుకి పాతికసార్లు చేస్తే ఇది పోతుంది. అర్జునుడికి సవ్యసాచి అన్న పేరు రెండు చేతులతోనూ గాండీవం లాగగలిగినందుకే వచ్చింది. మనకి కంటి వైపు చెయ్యి ఒక్కటి చాలు, అదైనా నెలల పని.

లోపాల్లో మొదటిది పొడవు. 62 అంగుళాల విల్లుని 28 దాటి లాగితే నారి కోణం పదునెక్కి వేళ్లను నొక్కుతుంది. 29, 30 అంగుళాలు లాగే పొడగరులకు 66 లేదా 68 అంగుళాల విల్లే సుఖం. రెండోది, ఐఎల్‌ఎఫ్ (వేర్వేరు కంపెనీల లింబ్స్ పట్టే ఉమ్మడి బిగింపు పద్ధతి) రైజర్లలోలాగా లింబ్ బోల్టు తిప్పి పౌండ్లు పెంచడం, టిల్లర్ (పై, కింది లింబ్స్ బిగువు తేడా) సర్దడం ఇందులో కుదరదు. పోటీలకి వెళ్లాలని ముందే నిశ్చయించుకున్నవాళ్లు ఎడమచేతి ఐఎల్‌ఎఫ్ రైజర్‌నే తీసుకుని తేలిక లింబ్స్ పెట్టుకుంటే రెండుసార్లు కొనే పని తప్పుతుంది.

ఏళ్ల తరబడి కుడిచేత్తో 70 మీటర్లు ఆడి, గుంపు కుదిరినవాళ్లకి ఈ విల్లు వెంటనే సిఫారసు చేయం. వాళ్లు ముందు కళ్లజోడు ఎడమ అద్దానికి పాల రంగు టేపు పూర్తిగా అతికించి నెల రోజులు చూడాలి. గురి చూడని కంటి అద్దాన్ని పూర్తిగా కప్పుకోవడాన్ని, కంటి పట్టీ కట్టుకోవడాన్ని ప్రపంచ ఆర్చరీ నియమాలు అనుమతిస్తాయి. గురికి సాయపడే సూక్ష్మ రంధ్రాల అద్దాలు మాత్రం ఒప్పుకోరు. ఒక కన్ను గట్టిగా మూయడం కంటే టేపే నయం, ముఖ కండరాలు బిగుసుకోవు, వెలుతురు రెండు కళ్లకీ అందుతుంది.

25 పౌండ్ల దగ్గర ఎడమచేత్తో పూర్తిగా లాగి, వణకకుండా పదిహేను సెకన్లు పట్టుకోగలిగి, రోజుకి వంద బాణాలు వేసినా భుజం నొప్పి రాకపోతే 30 పౌండ్ల లింబ్స్ తీసుకోండి. రైజర్ అదే, బోల్టులు అవే. లింబ్స్ మారిన రోజు బ్రేస్ హైట్, నాకింగ్ పాయింట్, బాణం స్పైన్ మూడూ మళ్లీ మొదటినుంచి చూసుకోవాలి.