మూడు చలికాలాలు తొడిగిన పల్చటి మెరినో టాప్

2022 నవంబరులో కొన్న ఫుల్ హ్యాండ్స్ మెరినో ఉన్ని టాప్ ఇది. మెరినో అంటే సన్నటి ఉన్ని ఇచ్చే ఒక జాతి గొర్రె. నల్ల రంగు, గుండ్రటి మెడ. లేబుల్ మీద నూరు శాతం మెరినో, 18.5 మైక్రాన్లు (పోగు లావు), 190 జీఎస్ఎం (చదరపు మీటరు బట్ట బరువు, గ్రాముల్లో) అని ఉంది. స్పోర్ట్స్ సామాన్లు అమ్మే ఒక పెద్ద షాపు సొంత బ్రాండు. నాకు 2,600 రూపాయలు పడింది. రెండు హిమాలయ ట్రెక్కులు, మూడు చలికాలాల తెల్లవారుజాము సైక్లింగ్, ఎన్నో అనంతగిరి ఆదివారాలు దీంతోనే గడిచాయి. హైదరాబాద్‌లో ఉంటూ ఏడాదికోసారి మంచులోకి వెళ్ళే స్నేహితులు ఉన్నిది కొనాలా వద్దా అని అడుగుతూనే ఉంటారు. కొనమనే చెప్తాను. కాకపోతే ఒక్కటి చాలు. అదీ పల్చటిది, అదీ పై భాగానికే.

ఎందుకో చెప్పాలంటే నా మొదటి ట్రెక్ గురించి చెప్పాలి. 2021 డిసెంబరు, ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం. డెహ్రాడూన్ నుంచి రోజంతా బండిలో కూర్చుని సాంక్రి చేరాం. ఒంటి మీద మామూలు పాలిస్టర్ థర్మల్స్, అంటే చలికి లోపల తొడుక్కునే బట్టలు. శిఖరం ఎక్కే రోజు రాత్రి రెండున్నరకు లేచి హెడ్‌ల్యాంప్ వెలుతురులో నడక మొదలుపెట్టాం. గంటలో వీపంతా చెమట. ఎక్కుతున్నంతసేపూ ఏమీ తెలియలేదు. వెనకవాళ్ళ కోసం ఒక మలుపు దగ్గర ఐదు నిమిషాలు ఆగి బ్యాగు దించానో లేదో, మంచునీళ్ళలో ముంచిన గుడ్డ వీపుకి అంటించినట్టయింది. పైన 12,500 అడుగుల ఎత్తులో సూర్యుడు ఉదయిస్తుంటే కూడా నా ధ్యాసంతా ఆ తడి బనీను మీదే ఉంది. నాలుగో రోజుకి దాని వాసన భరించలేక టెంట్ బయట పెట్టి పడుకున్నాను.

తిరిగొచ్చాక మెరినో కోసం వెతికితే విదేశీ బ్రాండ్లవి ఏడెనిమిది వేలు చెప్పారు. ఆన్‌లైన్‌లో 900కే ‘మెరినో థర్మల్’ కనిపిస్తే ఆశపడి తెప్పించాను. వచ్చాక లోపలి చిన్న లేబుల్ చూస్తే ఉన్ని పది శాతం, మిగతాదంతా యాక్రిలిక్! డబ్బు తిరిగి రావడానికి నెల పట్టింది. అప్పటి నుంచి ఏది కొన్నా ఇంటికి రాగానే ఒక పరీక్ష చేస్తాను. లోపలి అంచు నుంచి ఒక పోగు లాగి, పట్టకారుతో పట్టుకుని సింక్ మీద కాలుస్తాను. కుట్టు దారం కాదు సుమా, బట్ట పోగే తీయాలి. అసలైన ఉన్ని బట్టకి కూడా కుట్టు మామూలుగా పాలిస్టర్ దారంతోనే ఉంటుంది. ఉన్ని అయితే వెంట్రుకలు కాలిన కమురు వాసన వస్తుంది, మిగిలిన మసి వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. పాలిస్టర్, యాక్రిలిక్ కరిగి గట్టి పూసలా ముడుచుకుంటాయి. ఈ నల్ల టాప్ పోగు పొడి పొడి అయింది.

ఉన్ని అనగానే మా ఇంట్లో అందరికీ గుర్తొచ్చేది గొంగడి. మాది మెదక్ వైపు. నాయనమ్మ ఈ టాప్ చేతుల్లోకి తీసుకుని, “ఇది గొర్రె బొచ్చేనా బిడ్డా? జర గూడ గుచ్చుకుంటలేదేంది?” అని చెంపకి ఆనించుకుని చూసింది. ఆమె అడిగిన దాంట్లోనే అసలు విషయం ఉంది. పోగు లావుగా ఉంటే దాని కొస వంగదు, చర్మంలోకి పొడుచుకుంటుంది. దక్కనీ గొర్రె ఉన్ని ముతక, అందుకే గొంగడి గుచ్చుతుంది. వానకీ చలికీ కాపరి పైన కప్పుకోవడానికి దాన్ని మించింది లేదు కానీ, ఒంటికి ఆనించి తొడుక్కునే బట్ట అది కాదు. మెరినో పోగు సన్నం కాబట్టి చర్మం తగలగానే వంగిపోతుంది. కొనేటప్పుడు మైక్రాన్ల అంకె చూడమనేది ఇందుకే. 19 లోపు ఉంటే చాలామందికి ఇబ్బంది ఉండదు. అసలు ఆ అంకే వేయని వాటి జోలికి నేను వెళ్ళను.

2023 జనవరిలో ఉత్తరాఖండ్‌లోనే బ్రహ్మతాల్ ట్రెక్‌కి ఇదే తొడుక్కుని వెళ్ళాను. లోహాజంగ్ నుంచి ఎక్కుతుంటే చెమట ఎప్పటిలాగే పట్టింది, అందులో మార్పేమీ లేదు. కానీ ఆగినప్పుడు వీపు జిల్లుమనలేదు. ఉన్ని తన బరువులో దాదాపు మూడో వంతు తేమను పోగు లోపలికి పీల్చుకుంటుంది, పైకి తడి తెలియనివ్వదు. అలా పీల్చుకునేటప్పుడు కొంచెం వేడి కూడా పుట్టిస్తుంది. అలాగని ఇదొక్కటే చలిని ఆపుతుందనుకోవద్దు. నేను దీని మీద ఫ్లీస్ (నూగు నూగుగా ఉండే పాలిస్టర్ స్వెటర్), ఆ పైన గాలి ఆపే జాకెట్ వేసుకున్నాను. ఐదు రోజులు రాత్రీ పగలూ ఒంటి మీద నుంచి తీయలేదు. చివరి రోజు చంక దగ్గర ముక్కు పెట్టి చూస్తే కాస్త పొగ వాసన, అంతే. ఈ ఒక్క గుణానికే నేను ఇంకో 2,600 ఇస్తాను.

హిమాచల్‌లోని హంప్తా పాస్ అనే కనుమ దాటేటప్పుడు మాత్రం ఇబ్బంది పడ్డాను. మనాలి వైపు నుంచి ఎక్కుతుంటే రెండు రోజులు వాన, జాకెట్ లోపలికి నీళ్ళు దిగాయి. ఉన్ని బాగా తడిస్తే ఆరడానికి చాలా టైమ్ పడుతుంది. రాత్రంతా టెంట్‌లో తాడు మీద వేసినా పొద్దున్నకి తడి తడిగానే ఉంది, దానికి తోడు తడిసిన గొర్రె వాసన. పక్కవాళ్ళ పాలిస్టర్‌వి అప్పటికే ఆరిపోయాయి. అందుకని వానలు పడే నెలల్లో వెళ్ళేవాళ్ళకి నేను పాలిస్టర్‌నే చెప్తాను.

పల్చటిదే ఎందుకంటే, మందంగా 250 జీఎస్ఎంది కొంటే మన ఊళ్ళో దాన్ని తొడిగే రోజే రాదు. డిసెంబరు చివర్లో శివార్లలో ఒక్కోసారి పది డిగ్రీల లోపుకి పడుతుంది. నార్సింగి సైకిల్ ట్రాక్ మీద పొద్దున ఐదున్నరకి ఈ 190 టాప్ ఒక్కటీ సరిపోతుంది, ఏడు దాటాక కూడా ఉక్క పోయదు. చలి మరీ ఎక్కువైన చోట పైన ఇంకో పొర వేసుకోవచ్చు, మందమైన బట్టని పల్చన చేసుకోలేం కదా. ఇక తొడలకీ పిక్కలకీ చెమట తక్కువ, వాసనా తక్కువ, కాబట్టి కిందికి 600 రూపాయల పాలిస్టర్ థర్మల్ చాలు. మెరినో ప్యాంటు డబ్బులు మిగుల్చుకుని మంచి సాక్సు కొనుక్కోండి.

లోపాలు ఉన్నాయి. బ్యాగు నడుం బెల్టు రాసుకునే చోట రెండో ఏడాదే ఉండలు కట్టింది, తర్వాత బియ్యపు గింజంత చిల్లు పడింది. అమ్మ నల్ల దారంతో రఫ్పు చేసింది, వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే తప్ప కనపడదు. రోజూ బరువు మోసేవాళ్ళు కొంచెం నైలాన్ కలిసింది తీసుకోవడం మేలు, ఎక్కువ కాలం మన్నుతుంది. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు ఆ పది, పదిహేను శాతం నైలాన్‌కి వంక పెట్టక్కర్లేదు.

అంతకన్నా బాధ పెట్టింది పురుగు. 2023 వేసవిలో ఉతక్కుండా అల్మారాలో పెట్టాను. చెమట అంటిన ఉన్ని పురుగుకి ఇష్టం. తీసేసరికి మెడ కింద వరసగా మూడు చిల్లులు. ఇప్పుడు ఉతికి, బాగా ఆరబెట్టి, జిప్ కవర్లో గాలి తీసేసి పెడుతున్నాను. కలరా ఉండలు వేస్తే ఆ వాసన ఎన్ని ఉతుకులైనా వదలదు, అందుకే మానేశాను.

ఉతకడానికి అమ్మ చెప్పిన కుంకుడుకాయ రసమే బాగా పనిచేస్తోంది. చల్లటి నీళ్ళలో పది నిమిషాలు నానబెట్టి, నలపకుండా ఒత్తి తీస్తాను. మరకలు పోగొట్టడానికి ఎంజైములు కలిపిన బట్టల పొడి వాడొద్దు. ఉన్ని కూడా ప్రొటీనే, దాన్నీ అవి కొరికేస్తాయి. మా చెల్లి తన టాప్‌ని వాషింగ్ మెషీన్‌లో వేడినీళ్ళతో ఉతికితే పదేళ్ళ పిల్లాడి సైజుకి ముడుచుకుపోయింది. హ్యాంగర్‌కి తగిలిస్తే తడి బరువుకి సాగుతుంది కాబట్టి తువ్వాలు మీద పరిచి నీడలో ఆరబెడతాను.

సైజు విషయంలో తొందరపడకండి. వదులుగా ఉంటే చెమట లాగదు. ట్రయల్ రూమ్‌లో రెండు చేతులూ పైకెత్తి, తర్వాత బూటు లేసు కట్టుకున్నట్టు కిందికి వంగి చూడండి. నడుం బయట పడితే ఆ టాప్ పొడవు మీకు చాలదు, పక్క సైజు అడగండి.