కొత్త రికార్డులా, పాత రికార్డులా, రిపేరు బల్లా? హైదరాబాదులో చిన్న రికార్డు కొట్టుకు ఏది మేలు?

రికార్డుల కొట్టు మూతపడిందంటే అందరూ నెపం స్ట్రీమింగ్ మీదే వేస్తారు. అది సగం నిజమే. అమెరికాలో 2022లో వినైల్ (ప్లాస్టిక్) రికార్డులు 1987 తర్వాత తొలిసారి సీడీల కంటే ఎక్కువ సంఖ్యలో అమ్ముడయ్యాయి. ఫోన్‌లో పాట ఊరికే దొరుకుతున్నా డబ్బు పెట్టి రికార్డు కొనేవాళ్ళు ఉన్నారన్నమాట. అయినా కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని మ్యూజిక్ వరల్డ్ 2013లో, ముంబై రిథమ్ హౌస్ 2016లో తలుపులు మూసేశాయి. అంత పేరున్న చోట్లకే తప్పనిది కోఠీ సందులో పది అడుగుల మడిగెకు తప్పుతుందా?

చిన్న కొట్టును ముంచేది చాలాసార్లు గిరాకీ లేకపోవడం కాదు, అరలో కదలకుండా కూర్చున్న సరుకు. అందుకే ఇక్కడ ప్రతి దారినీ ఒకే కొలతతో చూస్తున్నాం: పెట్టిన రూపాయి ఎన్నాళ్ళకు గల్లాపెట్టెలోకి తిరిగొస్తుంది? ఈ కొలతలో పాత రికార్డులు, వాటి పక్కన రికార్డు ప్లేయర్లు బాగుచేసే రిపేరు బల్ల ముందుంటాయి. కొత్త రికార్డులు బాగా వెనకబడతాయి. ఎందుకో చూద్దాం.

కొత్త రికార్డులు

సీలు విప్పని రికార్డు షాపుకు అందం. కడగాల్సిన పని లేదు, గీతల గురించి బేరం ఉండదు. చిక్కంతా ధరలో ఉంది. బయటి దేశం నుంచి వచ్చే రికార్డుకు రవాణా, కస్టమ్స్ సుంకం, ఆ మొత్తం మీద ఐజీఎస్టీ (దిగుమతి మీద పడే జీఎస్టీ) కలుస్తాయి. వచ్చినవాడు మీ కొట్టులోనే నిలబడి అదే రికార్డు ధర ఫోన్‌లో చూసుకుంటాడు.

లెక్క కోసం ఒక రికార్డు అమ్మకం ధర 3,000 రూపాయలు, మీ మార్జిను 20 శాతం అనుకుందాం. వంద రికార్డులు తెచ్చిపెడితే 2,40,000 రూపాయలు అరలోకి వెళ్ళిపోతాయి. నెలకు ఎనిమిది అమ్మితే చేతికి మిగిలేది 4,800. ఆ డబ్బు కరెంటు బిల్లుకూ చాయ్‌కీ సరిపోతుంది, అద్దె దాకా రాదు. పైగా ఆ ఎనిమిది కూడా మొదటి మూడు నెలలే, ముందు పోయేవి అందరూ అడిగే పాతికే. మిగతా డెబ్బై అయిదు ఏడాది తర్వాత కూడా అక్కడే ఉంటాయి.

ఇంకో తలనొప్పి సీలుతోనే వస్తుంది. ఇంటికెళ్ళి విప్పాక రికార్డు వంకరగా ఉందనో, మధ్య చిల్లు పక్కకు జరిగి పాట ఊగుతోందనో వెనక్కి తెస్తారు. సీలు విప్పిన సరుకును పంపిణీదారు సాధారణంగా తీసుకోడు. దీనికి ఒకటే ఉపాయం: కొనేవాళ్ళ ఎదుటే విప్పి, ప్లాటర్ (ప్లేయరులో తిరిగే పళ్ళెం) మీద ఒక్క చుట్టు తిప్పి చూపించడం. సీలు ఉంచుకునే తీసుకెళ్తానంటే వాపసు లేదని బిల్లు మీద రాయండి. ఎండాకాలంలో బిగుతు ప్లాస్టిక్ సీలు ముడుచుకుని రికార్డునే వంచుతుంది. కాబట్టి మూడు నెలలు దాటిన సరుకుకు సీలు తీసి వదులు కవరు వేయడం మేలు.

కొత్తవి అసలే వద్దని కాదు. సగం అడ్వాన్సు తీసుకుని ఆర్డరు మీద తెప్పించండి. అడిగిన మనిషి ఉన్నాకే డబ్బు కదలాలి.

పాత రికార్డులు

అసలు పని ఇక్కడే, పాట్లూ ఇక్కడే. సరుకు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి సంతలు: గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ. రెండోది ఇళ్ళు: పాత ఇల్లు అపార్ట్‌మెంటు కట్టడానికి ఇచ్చేటప్పుడు బీరువా పైనుంచి దిగే పెట్టెలు. సంతలో ఏరుకోవచ్చు కానీ అక్కడికొచ్చే ప్లేట్లు అప్పటికే ఎండా వానా తిని ఉంటాయి. ఇళ్ళలోవి మంచి స్థితిలో ఉంటాయి, అయితే మొత్తం పెట్టె తీసుకోవాలి.

పెట్టె తెరవగానే ఎమ్మెస్ సుబ్బులక్ష్మి వెంకటేశ్వర సుప్రభాతమో, ఘంటసాల భగవద్గీతో కనిపిస్తే అమ్మేవాళ్ళ ముఖం వెలిగిపోతుంది. ఇంటింటా ఉన్న రికార్డులవి, అరుదైనవి కావు. వాటిని చూసి ధర పెంచకండి. పాత తెలుగు సినిమాల ఏడంగుళాల ఈపీలు (చిన్న రికార్డులు), చిన్న లేబుళ్ళ నాటక పద్యాలు, బుర్రకథలు ఎక్కడున్నాయో వెతకండి.

చూడాల్సిన పద్ధతి ఇది. అట్టను నమ్మవద్దు. రికార్డు బయటికి తీసి, ఎల్‌ఈడీ టార్చి ఏటవాలుగా పట్టండి. వెంట్రుకవాసి గీత గోటికి తగలకపోతే అది పెద్దగా వినపడదు. గోటికి తగిలితే టిక్కుమంటుంది. గాడులన్నీ నిగనిగ పోయి బూడిద రంగులో ఉంటే అరిగిన ముల్లుతో వందలసార్లు తొక్కిన రికార్డని అర్థం. ఎంత కడిగినా ఆ బరబర పోదు. 78 ఆర్‌పీఎం (నిమిషానికి 78 చుట్లు తిరిగే) పాత ప్లేట్లు లక్కతో చేసినవి, అవి పగులుతాయి. మధ్య చిల్లులో వేలు పెట్టి వేలాడదీసి అంచు మీద మెల్లగా తట్టండి. గణగణమంటే మంచిది, చప్పగా జరజరమంటే కంటికి కనపడని బీట ఉన్నట్టు.

కడగడంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. వినైల్‌కు డిస్టిల్డ్ వాటర్ మూడు పాళ్ళు, ఐసోప్రొపైల్ ఆల్కహాలు ఒక పాలు, గిన్నెల సబ్బు రెండు చుక్కలు వేసిన నీళ్ళు బాగా పనిచేస్తాయి. అదే నీళ్ళు లక్క ప్లేటు మీద పోస్తే ఆల్కహాలు లక్కను కరిగించేస్తుంది, రికార్డు అక్కడికక్కడే పాడవుతుంది. 78లకు సబ్బు చుక్క వేసిన డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి, అదీ త్వరగా తుడిచేయాలి. దేనికైనా లేబులు తడవకూడదు. మైక్రోఫైబర్ గుడ్డతో గాడుల వెంబడి గుండ్రంగా తుడవండి, అడ్డంగా కాదు. చివర్లో ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఒకసారి కడిగి, నీడలో అరగంట నిలబెట్టి, కొత్త లోపలి కవరులో పెట్టండి. బూజు పట్టిన పాత కాగితం కవరులోనే తిరిగి పెడితే కడిగిన శ్రమ వారంలో పోతుంది.

ఇప్పుడు లెక్క. వంద ఎల్పీల (పన్నెండంగుళాల పెద్ద రికార్డుల) పెట్టె 6,000కు కొన్నారనుకోండి. పదిహేను పనికిరావు. నలభై మామూలువి, 150 చొప్పున 6,000. ముప్పై అయిదు కాస్త మంచివి, 400 చొప్పున 14,000. పది మేలైనవి, వెయ్యి చొప్పున 10,000. మొత్తం 30,000. కొత్త రికార్డుల లెక్క పక్కన ఇది పండగలా కనిపిస్తుంది. కానీ ఎనభై అయిదు రికార్డులు ఒక్కోటి పన్నెండు నిమిషాలు కడిగితే పదిహేడు గంటలు, అంటే రెండు రోజుల కూలి. కవర్ల ఖర్చు వేరే. ఆ పది మేలైనవి, సగం మంచివి మొదటి నెలలోనే పోయి పెట్టుబడి తిరిగొచ్చేస్తుంది. మామూలువి నలభై మాత్రం మిగిలిపోతాయి. వాటికి తెలివి చూపించాల్సిన పని లేదు: ఆరు నెలలు దాటగానే వంద రూపాయల డబ్బాలో వేసి గుమ్మం ముందు పెట్టండి. పనికిరాని పదిహేనులో బాగున్న అట్టలుంటే దాచండి, అట్ట చిరిగిన మంచి రికార్డుకు అదే జత.

పన్నులో కూడా పాత సరుకుకు ఒక వెసులుబాటు ఉంది. జీఎస్టీ నిబంధనల్లో 32(5) ప్రకారం పాత వస్తువుల వ్యాపారి కొన్న ధరకూ అమ్మిన ధరకూ మధ్య తేడా మీదే పన్ను కట్టవచ్చు. కొనుగోలు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుకు మినహాయింపు) తీసుకోకూడదు, వస్తువు స్వభావం మారకూడదు. కడగడం, కవరు మార్చడం దానికి అడ్డు కాదు. 60కి కొని 400కు అమ్మితే 340 మీదే లెక్క. దీనికి రుజువు కావాలి. ప్రతి పెట్టెకూ తేదీ, అమ్మినవారి పేరు, ఎన్ని రికార్డులు, ఎంత ఇచ్చారు, సంతకం ఒక పుస్తకంలో ఉండాలి. దొంగ సొత్తు అన్న మాట వచ్చిన రోజున కూడా ఆ పుస్తకమే కాపాడుతుంది.

నిల్వ సంగతి మరవద్దు. వంద ఎల్పీలు దాదాపు 25 కిలోలు. సన్న ప్లైవుడ్ అర మూడడుగుల వెడల్పుంటే నడుము వంచేస్తుంది. 18 ఎంఎం ప్లై, అడుగు వెడల్పుకో అడ్డం, ఒక్కో గదికి ఎనభైకి మించకుండా, నిటారుగా పెట్టాలి. ఒరిగి ఉన్న రికార్డు వంకరపోతుంది. అద్దె తక్కువని సెల్లారులో కొట్టు తీసుకుంటే ఒక్క పెద్ద వానకు కింది అర నీళ్ళలో ఉంటుంది. పైకప్పు కిందే ఉన్న ఆఖరి అంతస్తు ఏప్రిల్‌లో పొయ్యి. మధ్య అంతస్తు, పడమటి ఎండ పడని గోడ చూసుకోండి.

రిపేరు బల్ల

చాలా కొట్లు దీన్ని చిన్నచూపు చూస్తాయి. నిజానికి డబ్బు ఇరుక్కోని పని ఇదొక్కటే. బెల్టులు, స్టైలస్‌లు (రికార్డు గాడిలో నడిచే ముళ్ళు), గ్రీజు, మంచి స్క్రూడ్రైవర్లు, ముల్లు బరువు తూచే చిన్న డిజిటల్ త్రాసు, ఒక మల్టీమీటరు ఉంటే మొదలుపెట్టవచ్చు. విడిభాగాలకు కోఠీ గుజరాతీ గల్లీ ఉంది, బేరింగులకూ రబ్బరు సరుకుకూ రాణిగంజ్ ఉంది.

వచ్చే జబ్బులు అయిదారే. బెల్టు సాగి పాట నెమ్మదించడం. ఐడ్లర్ చక్రం (మోటారు నుంచి ప్లాటర్‌ను తిప్పే రబ్బరు చక్రం) గట్టిపడి జారడం. ముల్లును మోసే ఆటోమేటిక్ చేతిలో పాత గ్రీజు బంకలా పట్టేసి చెయ్యి లేవకపోవడం. పాత క్రిస్టల్ కార్ట్రిడ్జి (ముల్లు కదలికను కరెంటుగా మార్చే భాగం) తేమకు చచ్చిపోవడం. దాన్ని బాగుచేయలేం, మార్చడమే. బెల్టు కొలతకు పుల్లీ, ప్లాటర్ కింది చక్రం చుట్టూ దారం బిగించి కొలిచి, దానికంటే అయిదు శాతం పొట్టి బెల్టు వేయండి. మామూలు ఓ-రింగు (గుండ్రటి రబ్బరు చుట్ట) వేసి సరిపెడితే మందం సమంగా ఉండక పాట ఊగుతుంది.

మన ఊరికి ప్రత్యేకమైన జబ్బు ఒకటుంది: అమెరికా నుంచి పిల్లలు తెచ్చిన టర్న్‌టేబుల్. 110 వోల్టులది కదా అని స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ పెడతారు, అయినా గొంతు బరువుగా సాగుతుంది. కారణం వోల్టేజి కాదు, ఫ్రీక్వెన్సీ. కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఆ పాత ఏసీ సింక్రనస్ మోటారు 60 హెర్ట్జ్‌కు కట్టింది. మన 50 హెర్ట్జ్ మీద ప్లాటర్ నిమిషానికి 33⅓ బదులు 27.8 చుట్లే తిరుగుతుంది. 1.2 రెట్లు వ్యాసమున్న పుల్లీ వేస్తేనే కుదురుతుంది. డీసీ మోటారున్న కొత్త రకాలకు సరైన అడాప్టరు చాలు. వేగం చూడటానికి చుట్టూ 180 గీతలున్న స్ట్రోబ్ కాగితం పెట్టి పాత చోక్ ట్యూబ్‌లైటు కింద తిప్పండి, గీతలు నిలబడితే 33⅓ సరిగ్గా ఉన్నట్టు. చాలా ఎల్‌ఈడీ బల్బుల కింద ఈ పరీక్ష పనిచేయదు.

స్టైలస్ అమ్మకమే ఈ బల్ల మీద అసలు ఆదాయం. వజ్రపు ముల్లు 500 నుంచి 1,000 గంటలు వస్తుంది, రోజూ గంట వినేవాళ్ళు రెండేళ్ళలో మళ్ళీ వస్తారు. అమ్మేటప్పుడు ముల్లు రికార్డు మీద మోపే బరువు సరిచేసి ఇవ్వండి: ఆడియో టెక్నికా వీఎం95ఈ కార్ట్రిడ్జికి 2 గ్రాములు, ఏటీ3600ఎల్‌కు 3.5 వరకు. 78లకు వెడల్పాటి వేరే ముల్లు కావాలి. ఎల్పీ ముల్లుతో వాయిస్తే గాడి అడుగున దేకుతూ బుసబుసలాడుతుంది.

లోపం ఒకటే, చేయి తిరిగిన మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే ఈ బల్ల పెట్టకపోవడమే నయం. పాడైన ప్లేయరు తీసుకుని నెలల తరబడి ఇవ్వని కొట్టుకు రెండోసారి ఎవరూ రారు.

ఆన్‌లైను, కాఫీ

రికార్డులు అమ్మే వెబ్‌సైటు డిస్కాగ్స్‌లో పెడితే జపాన్‌లో ఉన్నవాడు కూడా మన తెలుగు ఈపీ కొంటాడు. ధర బాగా వస్తుంది. కానీ మూడు గుంటలున్నాయి. తెలంగాణలో సరుకు వ్యాపారానికి జీఎస్టీ రిజిస్ట్రేషను పరిమితి ఏడాదికి 20 లక్షలు. వేరే రాష్ట్రానికి ఒక్క రికార్డు అమ్మినా ఆ పరిమితి వర్తించదు, రిజిస్టరు కావాల్సిందే. కాంపొజిషన్ స్కీములో (చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టే పద్ధతి) ఉంటే రాష్ట్రం దాటి అమ్మనే కూడదు. రెండోది, పేపాల్ 2021 ఏప్రిల్ నుంచి దేశంలోపలి చెల్లింపులు ఆపేసింది. కాబట్టి విదేశాలకు అది, విజయవాడకు యూపీఐ. విదేశాలకు ఐఈసీ (ఎగుమతి, దిగుమతి కోడు) నంబరు కూడా తీసుకోవాలి. మూడోది, నూరేళ్ళు దాటి చారిత్రక విలువున్న వస్తువు 1972 పురావస్తు చట్టం కిందికి వస్తుంది. 1910ల నాటి ప్లేటును ఊరికే పార్శిలు కట్టి పంపేయకండి.

ప్యాకింగులో రికార్డును అట్టలోంచి తీసి వెనక పెట్టాలి. లోపలే ఉంచితే కుదుపుకు అంచు చీల్చుకుని బయటికొస్తుంది. రెండువైపులా గట్టి అట్టముక్కలు, వాటి లోపలి మడతల వరసలు ఒకదానికొకటి అడ్డంగా ఉండాలి.

కాఫీ అమ్మితే జనం వస్తారన్నది నిజమే, వచ్చి కాఫీ తాగి వెళ్తారు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత) లైసెన్సు, పాట వాయించినందుకు ప్రదర్శన లైసెన్సులు, తడి చేతులతో అట్టలు ముట్టుకునేవాళ్ళు, ఇవన్నీ అదనం.

అయిదు లక్షలుంటే

అద్దె అడ్వాన్సు కాక చేతిలో అయిదు లక్షలున్నాయనుకుందాం. రెండు లక్షలు పాత పెట్టెలకు, అదీ ఒకేసారి కాక నెలకు రెండు పెట్టెల చొప్పున. డెబ్బై వేలు అరలు, కవర్లు, కడిగే సామాను. అరవై వేలు రిపేరు బల్ల, దానిలో సగం స్టైలస్‌ల సరుకు. ఇరవై వేలు కొత్త రికార్డులకు, అంటే ఆర్డరు అడ్వాన్సుల మీద తిప్పుకునే డబ్బే. మిగిలిన లక్షా యాభై వేలు అద్దెకు విడిగా ఇంకో ఖాతాలో వేసి, సంతలో ఎంత మంచి పెట్టె కనిపించినా ఆ కార్డు మాత్రం ఇంట్లోనే వదిలి వెళ్ళండి.