తిరుపతిలో జువాలజీ నమూనాల దుకాణం: స్పంజికలు కొనండి, పీతను వదిలేయండి

డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవాళ్ళకు ప్రాక్టికల్ పరీక్షల ముందు తప్పని పని ఒకటుంది, లాబ్ అరల్లోని నమూనాలు సరిచూసుకోవడం. పగిలిన సీసాలు, ఫార్మలిన్ ఇంకిపోయినవి తీసేస్తే మా అర సగం ఖాళీ అయింది. అందుకే బాలాజీ కాలనీ వైపు సందులో ఉన్న లాబ్ సామగ్రి దుకాణానికి వెళ్ళి లోతు సముద్రపు జంతువులు మూడు కొన్నాను. మా పిల్లలు పీలేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి వైపు ఊళ్ళ నుంచి వస్తారు. ఇలాంటి జీవులను వాళ్ళు కళ్ళారా చూసేది ఈ అరలోనే. కాబట్టి కొనేటప్పుడు నేను చాలా పట్టింపుగా ఉంటాను.

మొదటిది యూప్లెక్టెల్లా అనే స్పంజిక, అంటే సముద్రం అడుగున ఒకేచోట పాతుకుని, ఒంటి రంధ్రాల గుండా నీరు లాక్కుని బతికే జంతువు. ధర 2,800 రూపాయలు. జానెడు పొడవు ఎండు నమూనా, గాజు పెట్టెలో బిగించి ఇస్తారు. ఆ దుకాణానికి వెళ్ళడానికి ఇదొక్కటే చాలు. తెల్లని గాజు పోగులు నిలువుగా, అడ్డంగా, ఏటవాలుగా అల్లుకుని గళ్ళు కట్టిన గొట్టం అది. పై కొసను జల్లెడ పలక మూసి ఉంది. అడుగున సన్నని పోగుల కుచ్చు, వందల మీటర్ల లోతున బురదలో పాతుకుని నిలబడేందుకు. ఈ కుచ్చులోని పోగులు ఆప్టికల్ ఫైబర్ మాదిరిగానే వెలుతురును మోసుకుపోతాయని 2003లో శాస్త్రవేత్తలు చూపించారు.

పెట్టె వెనక టార్చి వేసి భూతద్దం పెట్టాను. లోపల రెండు రొయ్యలు! ఎండి తేనెరంగుకు తిరిగాయి, ఒకటి రెండోదానికన్నా కాస్త పెద్దది. రెండింటికీ మూడో జత కాళ్ళే మిగతావాటికన్నా పొడవు, లావు. పెద్ద కొండ్లు ఉన్నదీ వాటికే. స్పంజికల్లో కాపురముండే స్పంజికోలా రొయ్యల వర్గానికి గుర్తు అదే. డింభక దశలో, అంటే గుడ్డులోంచి వచ్చిన పిల్లలుగా, గళ్ళలో దూరగలిగినంత చిన్నగా ఉన్నప్పుడే ఇవి లోపలికి చేరతాయి. స్పంజిక లోపలికి లాగే నీటితో వచ్చిన ఆహారపు తునకలు తిని పెరుగుతాయి. పెరిగాక ఆ గళ్ళలోంచి బయటపడలేవు. ఒక ఆడ, ఒక మగ మిగిలి బతుకంతా అక్కడే కాపురం చేస్తాయి. వాటి పిల్లలు మాత్రం గళ్ళ గుండా బయటికి ఈదిపోయి వేరే స్పంజికను వెతుక్కుంటాయి. జపాన్‌లో ఈ స్పంజికను పెళ్ళి కానుకగా ఇచ్చే ఆచారం ఈ జంటను చూసే వచ్చింది. రొయ్యలు గూటిని శుభ్రంగా ఉంచుతాయని అంటారు గానీ, పెద్ద లాభం మాత్రం రొయ్యలదే. అందుకే నేను దీన్ని క్లాసులో సహభోజకత్వం (ఒకదానికి లాభం, రెండోదానికి నష్టం లేని పొత్తు) దగ్గర చెబుతాను.

ఇంత కథ లోపల ఉండగా లేబుల్ మీద ‘యూప్లెక్టెల్లా, ఫైలం పోరిఫెరా’ అని మాత్రమే ఉంది. దుకాణదారును అడిగితే, “లోపల ఏవో పురుగులున్నాయి మేడమ్, కావాలంటే తీయించి ఇస్తాను” అన్నాడు. “తీయించొద్దు అన్నా, నేను కొంటున్నదే వాటి కోసం” అన్నాను. అతని మంచితనం చెప్పాలి. విసుక్కోకుండా లోపలున్న పెట్టెలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టాడు, టార్చి కూడా తనే పట్టుకున్నాడు. కొన్నింటిలో ఒక్క రొయ్యే ఉంది, కొన్ని ఖాళీ. జంట ఉన్నదే అడిగి తీసుకోండి, ధరలో తేడా లేదు.

రెండోది హయలోనీమా, 1,900 రూపాయలు. మెలితిరిగిన గాజు పోగుల కాడ, దాని కొసన స్పంజిక. ఇందులో చూడాల్సింది కాడనే. దాని చుట్టూ ఇసుక రేణువులు అంటిన గోధుమరంగు బుడిపెలు ఉంటాయి. అవి ఎపిజోయాంథస్ అనే వేరే జీవి పాలిప్‌లు, అంటే నోటి చుట్టూ స్పర్శకాలున్న చిన్న గొట్టాల్లాంటి జంతువులు. బురదకు ఎత్తున, నీటి ప్రవాహం తగిలేచోట నిలబడే వీలు వాటికి ఈ కాడ వల్ల కలుగుతుంది. 1835లో దీనికి హయలోనీమా అని పేరు పెట్టిన శాస్త్రవేత్త గ్రే, ఆ కాడను పాలిప్‌లే కట్టుకున్నాయనుకుని దీన్ని పగడాల్లో చేర్చాడు. కాడ స్పంజికదేననీ పాలిప్‌లు దానిమీద చేరినవనీ షుల్ట్జ్ అనే మరో శాస్త్రవేత్త 1860లో తేల్చాడు. పండితులనే అంతకాలం తికమక పెట్టిన ఆ బుడిపెలను దుకాణంలో కొన్ని నమూనాల మీద ‘నీటుగా ఉండాలని’ గీకేశారు! చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది. గీకనిది ఒకటి వెతికి తెచ్చుకున్నాను.

మూడోది కొనకండి. ‘లోతు సముద్రపు సన్యాసి పీత, సీ ఆనిమోన్’ అని రాసి ఉన్న సీసా, 1,200 రూపాయలు. సన్యాసి పీత అంటే ఖాళీ నత్త గుల్లలో దూరి బతికేది, సీ ఆనిమోన్ అంటే పువ్వులా కనిపించే మెత్తని సముద్ర జంతువు. ఇంటికి తెచ్చి భూతద్దం కింద చూస్తే ఆనిమోన్ అడుగున జిగురు మరక కనిపించింది. పీత కూడా ఒడ్డున దొరికే రకమే, నత్త గుల్లలో దూరి ఉంది. లోతు నీళ్ళలో పీతకూ ఆనిమోన్‌కూ ఉండే పొత్తు ఇంతకన్నా ఎంతో దగ్గరిది. పాగ్యురాప్సిస్ అనే సన్యాసి పీతకు అసలు గుల్లే ఉండదు. నాలుగో జత కాళ్ళ కొసనున్న చిన్న కొండ్లతో బతికున్న ఆనిమోన్‌ను పట్టుకుని దుప్పటిలా మీదికి లాక్కుంటుంది. సముద్ర పరిశోధనకు తిరిగిన చాలెంజర్ నౌక తెచ్చిన పీతలను పరిశీలించి 1888లో ఆ పేరు పెట్టింది హెండర్సన్. ఆయన మన పక్కనే, మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో జీవశాస్త్రం బోధించిన ప్రొఫెసర్. ఇంకో ఆనిమోన్, స్టైలోబేట్స్, పీత కోసం బంగారు వన్నె గుల్లను తానే స్రవించి కడుతుంది. డాల్ అనే శాస్త్రవేత్త ఆ గుల్లను చూసి నత్త అనుకుని నత్తల్లోనే చేర్చాడు. ఇలాంటి బంధాన్ని జిగురుతో అతికించి పిల్లలకు చూపించడం నాకు సమ్మతం కాదు. సీసా తిరిగి ఇచ్చేస్తే అతను వాదించకుండా డబ్బు వాపసు ఇచ్చాడు.

ప్యాకింగ్ బాగుంది, చుట్టూ దూది దట్టంగా కూర్చి ఇస్తారు. నమూనా ఎక్కడ సేకరించిందో బిల్లు మీద రాయించుకోండి, అడగకపోతే రాయరు. రొయ్యల పేరు, పాలిప్‌ల పేరు చేర్చి కొత్త లేబుళ్ళు నేనే తెలుగులో రాసి ఇచ్చాను. ఇకమీద అలాగే అచ్చు వేయిస్తానన్నాడు. మీరు వెళ్ళేసరికి పాత లేబులే కనిపిస్తే, కొత్తది అడిగి అంటించుకోండి.